కొబ్బరికాయ లేచి నిలబడితే కింద నీళ్ళున్నట్టేనా?

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మునుగోడు దగ్గర నాలుగెకరాల బత్తాయి తోట, రెండు బోర్లు ఫెయిల్, రెండోది 650 అడుగులు పోయినా దుమ్మే తప్ప తడి తగల్లేదు, ఇప్పుడు మూడో బోరుకు మీ నాయిన పక్క ఊరి నుంచి కొబ్బరికాయ పట్టే ఆయన్ని, అంటే అరచేతిలో కాయ పెట్టుకుని నడుస్తూ అది లేచిన చోట నీళ్ళున్నాయని చెప్పే ఆయన్ని, తీసుకొస్తానంటున్నాడు. నువ్వు బీటెక్ చదివినోడివి, నమ్మవు. కానీ ఆ పెద్దమనిషి నీ చేతికే వేపపంగ, అంటే రెండుగా చీలిన వేపకొమ్మ, ఇచ్చి నడవమంటే అది గిర్రున కిందికి తిరిగింది, ఎంత గట్టిగా పట్టుకున్నా ఆగలేదు. 'మనకు తెలియని శక్తి ఏదైనా ఉందా, సైన్స్ కావాలనే ఒప్పుకోవడం లేదా, ఖండాలు కదులుతాయన్న వెగ్నర్‌ను చూసి కూడా మొదట నవ్వారు కదా' అని అడిగావు.

నేను ముప్పై ఏళ్ళకు పైగా భూగర్భజలాల సర్వే పని చేసి రిటైరయ్యాను. దేవరకొండ, కల్వకుర్తి, నాగర్‌కర్నూల్, అచ్చంపేట, ఈ బండనేలంతా కాళ్ళకింద అరిగిందే. అందుకని ముందే చెప్తున్నా, నీ చేతిలో పంగ తిరగడం నిజం. నువ్వు కల్లబొల్లి చెప్పడం లేదు, ఆయన నిన్ను మోసం చేయడమూ లేదు. నాకూ తిరిగింది, ఉద్యోగంలో చేరిన కొత్తలో. బెరడు అరచేతుల్లో ఊడి వచ్చేంతగా తిరిగింది. ఆ రాత్రి నాకూ నిద్ర పట్టలేదు.

ఆ తర్వాత ఎండాకాలం కల్వకుర్తి వైపు క్యాంపులో ఉన్నప్పుడు ఒక తాత దొరికాడు. చుట్టుపక్కల పది ఊళ్ళకు ఆయనే పాయింట్లు, అంటే బోరు ఎక్కడ వేయాలో గుర్తులు, పెట్టేవాడు. పైసలు అడగడు, ఇస్తే తీసుకుంటాడు, లేనోడి దగ్గర అసలు ముట్టడు. ఒక సాయంత్రం బతిమాలితే ఒప్పుకున్నాడు. ధోవతి మోకాళ్ళ మీదికి కట్టి, చెప్పులు విడిచి, పీచు తీసిన కాయను అరచేతిలో పడుకోబెట్టి, పిలక వేళ్ళ వైపు పెట్టుకుని చేలో పడి నడిచాడు. కాయ లేచిన చోటల్లా మా జీపు డ్రైవర్ ముగ్గు పోశాడు. ఐదు చోట్ల లేచింది. అప్పుడు నేను 'తాతా, ఇంకొక్కసారి, కళ్ళకు తువ్వాలు కట్టుకుని' అన్నాను. కోపం చేసుకోలేదు, నవ్వి కట్టించుకున్నాడు. మోచేయి పట్టుకుని అదే చేలో అడ్డదిడ్డంగా తిప్పాను. ఈసారి నాలుగు చోట్ల లేచింది, ఒక్కటీ ముగ్గు దగ్గర కాదు. పైగా ఒకటి, నేను గట్టు ఎక్కిస్తూ ఆయన చేయి కాస్త పైకి లాగిన చోటే లేచింది. తువ్వాలు విప్పి ముగ్గులు చూసుకుని, కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత 'కండ్లు గడితే గంగ ఎట్ల కనవడ్తది సారూ' అన్నాడు.

అది సాకు అనుకున్నాను చాలా ఏళ్ళు. అసలు జవాబు అదేనని ఆలస్యంగా వెలిగింది. దాని సంగతి చెప్పే ముందు చేతి సంగతి.

ఈ రాత్రి ఇంట్లో చేసి చూడు. జానెడు దారానికి ఉంగరం కట్టు, కాగితం మీద ఒక ప్లస్ గుర్తు గీసి, మోచేయి టేబుల్ మీద ఆనించి, ఆ గుర్తు మీదికి ఉంగరాన్ని వేలాడదీయి. చేయి కదపొద్దు. అడ్డగీత వెంట ఊగాలి అని మనసులో అనుకుంటూ ఆ గీతనే చూడు. చాలామందికి నిమిషం లోపే ఊగుతుంది. నిలువుగీత అనుకో, దారి మార్చుకుంటుంది. నువ్వు ఊపలేదని ఒట్టేసి చెప్పగలవు, అయినా ఊపింది నువ్వే. షెవ్రూల్ అనే ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త 1833లోనే దీన్ని అచ్చేయించాడు, కళ్ళకు గంత కట్టుకుంటే ఊగడం ఆగిపోతుందని కూడా చూశాడు. 1852లో కార్పెంటర్ అనే ఇంగ్లీషు డాక్టర్ దీనికి ఐడియోమోటర్ అని పేరు పెట్టాడు, అంటే తలపు వస్తే చాలు, మనకు తెలియకుండానే కండరం కొంచెం కదులుతుందని. ఆ మరుసటి ఏడు ఫారడే, మనం కరెంటు పాఠంలో చదువుకున్న ఫారడేనే, దయ్యాలు బల్లలు తిప్పుతున్నాయని లండన్‌లో జనం ఊగిపోతుంటే, చేతులకూ బల్లకూ మధ్య జారే అట్టముక్కలు పెట్టి, ముందు కదిలింది చేతులేనని, బల్ల వాటి వెనక కదిలిందని తేల్చాడు.

ఇప్పుడు నీ పంగ సంగతి. రెండు కొమ్మలనూ బయటికి వంచి, అరచేతులు పైకి పెట్టి బిగపట్టుకున్నావు కదా, అది లాగిపెట్టిన విల్లు లాంటిది. మణికట్టు గింజంత తిరిగితే చాలు, కొమ్మలో దాగిన బలమంతా ఒక్కసారి విడుదలై కొస కిందికి కొడుతుంది, నువ్వు గట్టిగా పట్టేకొద్దీ ఇంకా గట్టిగా కొడుతుంది. కొబ్బరికాయా అంతే. గుండ్రటి వస్తువు, లోపల నీళ్ళు కదులుతుంటాయి, అరచేతి గుంటలో ఉండీ లేనట్టు కూర్చుంటుంది. వేళ్ళు కొంచెం వంగితే అది బ్యాలెన్స్ తప్పి లేస్తుంది. ఓ పాజిటివ్ రక్తం ఉన్నోళ్ళకే లేస్తుందని మనవైపు ఒక మాట నడుస్తోంది. మన దేశంలో ముగ్గురిలో ఒకరికి అదే గ్రూపు, పదిమందిని పిలిస్తే 'శక్తిమంతులు' ముగ్గురైనా దొరుకుతారు, ఎవరికీ ఇబ్బంది లేదు.

మరి ఎక్కడ కదపాలో చేతికి ఎవరు చెప్పారు? కళ్ళు. నలభై ఏళ్ళు చేలల్లో తిరిగిన మనిషికి ఈత చెట్లు ఎక్కడ గుంపుగా ఉన్నాయో, ఎండల్లో కూడా గరిక ఎక్కడ పచ్చగా ఉందో, వాలు ఎటుందో, పుట్టలు ఎక్కడ లేచాయో అన్నీ కనిపిస్తాయి. అడిగితే చెప్పలేడు, ఎందుకంటే అది ఆయన మాటల్లో లేదు, నడకలో ఉంది. ఆ చోటికి రాగానే మనసు 'ఇక్కడ' అంటుంది, చెయ్యి వింటుంది, కాయ లేస్తుంది. మా తాత కళ్ళు కట్టగానే ఆ వినికిడి తెగిపోయింది. ఆయన తెలివిని నేను తక్కువ చేయడం లేదు, మా ఆఫీసులో కొత్తగా చేరే కుర్రాళ్ళకన్నా ఆయనకు నేల ఎక్కువ తెలుసు.

ఇది ఇవాళ్టి తెలివి కాదు. వరాహమిహిరుడు ఆరో శతాబ్దంలో బృహత్సంహితలో నీళ్ళ జాడల మీద ఒక అధ్యాయమే రాశాడు, దకార్గళం అని. నేరేడు చెట్టుకు తూర్పున దగ్గర్లో పుట్ట ఉంటే, చెట్టుకు దక్షిణం వైపు రెండు పురుషల లోతులో తియ్యటి నీళ్ళు ఉంటాయంటాడు. పురుష అంటే చేతులెత్తి నిలబడ్డ మనిషంత, మన లెక్కన ఏడున్నర అడుగులు. చెదపురుగులకు తేమ లేనిదే బతుకు లేదు కాబట్టి పుట్టను చూడమనడంలో అర్థం ఉంది. కానీ లోతు చూడు తమ్ముడూ, రెండు పురుషలంటే 15 అడుగులు! ఆ విద్య అంతా చేదబావులది, మోట బావులది. నువ్వు 650 అడుగుల కింద వెతుకుతున్నావు. అక్కడ బండలో పగులు ఉందో లేదో నేరేడు చెట్టుకూ తెలియదు, చెదపురుగుకూ తెలియదు, కొబ్బరికాయ సంగతి చెప్పనే అక్కర్లేదు.

'మరి ఆయన పెట్టిన పాయింట్లలో నీళ్ళు పడ్డాయి కదా' అంటావు, మీ నాయిన అదే అంటున్నాడు. ఇక్కడ మన రాయి గురించి తెలియాలి. మీ దగ్గర పైన ఎర్రమట్టి, దాని కింద మొరం, ఆ కింద కుళ్ళిన రాయి, ఇదంతా చాలా చోట్ల 30 నుంచి 60, 70 అడుగుల దాకా ఉంటుంది. పాత రోజుల్లో నీళ్ళన్నీ ఇందులోనే ఉండేవి, బావులు వీటిలోనే తవ్వారు. దాని కింద గట్టి గ్రానైటు బండ. బండలో నీళ్ళు ఉండవు, బండ పగిలిన సందుల్లో ఉంటాయి. పనికొచ్చే సందులు ఎక్కువగా మొదటి 300 అడుగుల్లోనే ఉంటాయి, దిగేకొద్దీ పల్చబడతాయి. 'జలనాడులు' అని మనవాళ్ళు చెప్పేది, చెయ్యి నరాల్లాగా కిందంతా నీళ్ళు పారుతుంటాయని, అది సరిగ్గా అలా ఉండదు. చాలావాటిని పరుపుబండ పొరలు విడిపోయినట్టు అడ్డంగా పరుచుకున్న సందులుగా ఊహించుకో. అందుకే వాన మంచిగా పడిన ఏడు ఎవరు ఎక్కడ పాయింట్ పెట్టినా ఎంతో కొంత తగిలేది. అలాంటి ఏడు నీళ్ళు ఉన్నాయా లేవా అన్నది అసలు ప్రశ్న కాదు, ధార ఒక ఇంచా రెండు ఇంచులా, ఏప్రిల్‌లో కూడా పోస్తుందా అన్నదే ప్రశ్న. దానికి కాయ దగ్గర జవాబు లేదు. ఇక కరువు వచ్చిందా, అదే మనిషి, అదే కాయ, వరుసగా దుమ్ము. నల్లగొండ పక్కనున్న ముషంపల్లి 2004లో జనం కన్నా బోర్లు ఎక్కువున్న ఊరని పత్రికలకెక్కింది, గుర్తుందా? అక్కడ పాయింట్లు చూసేవాళ్ళకు కొదవ ఉండి అన్ని బోర్లు ఎండలేదు.

ఇంకొకటి. నీళ్ళు పడ్డ బోరు దగ్గర కొబ్బరికాయ కొట్టి, యాట కోసి, ఊరంతా చెప్పుకుంటారు. ఫెయిలైన బోరు మీద రాయి పెట్టి మూసేస్తారు, దాని గురించి ఎవరూ మాట్లాడరు, మాట్లాడితే భార్య మంగళసూత్రం కుదువ పెట్టిన సంగతి కూడా బయటికి వస్తుంది కాబట్టి. ఆ మూసేసిన వాటిని లెక్కలోకి తెచ్చేదాకా ఎవరి పేరైనా గొప్పగానే ఉంటుంది.

సైన్స్ కావాలనే ఒప్పుకోవడం లేదన్నావు. లేదు తమ్ముడూ, చాలా ఖర్చు పెట్టి, ఓపికగా చూశారు. 1980ల చివర్లో జర్మనీ ప్రభుత్వం డబ్బిచ్చి మ్యూనిక్ దగ్గర పరీక్ష పెట్టించింది. నీళ్ళ జాడ చెప్పగలమన్న సుమారు 500 మందిని జల్లెడ పట్టి 43 మందిని తీసుకున్నారు. రెండంతస్తుల కొట్టంలో కింది అంతస్తులో నీళ్ళ పైపును 10 మీటర్ల గీత మీద అటూ ఇటూ జరుపుతారు, పై అంతస్తులో ఈయన పంగ పట్టుకుని నడిచి, కింద పైపు ఎక్కడుందో చెప్పాలి. 843 సార్లు చేశారు. చేయించినవాళ్ళు మాత్రం అందరూ కాకపోయినా కొందరికి శక్తి ఉందనే రాశారు. తర్వాత ఎన్‌రైట్ అనే అమెరికా ప్రొఫెసర్ అవే అంకెలు తిరగేశాడు. అందరిలో మేటి అనిపించుకున్న మనిషి, ప్రతిసారీ కళ్ళు మూసుకుని 'సరిగ్గా మధ్యలో' అని చెప్పేవాడికన్నా సగటున 4 మిల్లీమీటర్లు మాత్రమే దగ్గరగా వచ్చాడట. పది మీటర్లలో నాలుగు మిల్లీమీటర్లు! బోరు బండి డ్రిల్లు ఇంతకన్నా ఎక్కువ పక్కకు పోతుంది.

అతీంద్రియ శక్తుల మీద మన తెలుగు నేల మీదే యూనివర్సిటీ పని జరిగింది, అది చాలామందికి తెలియదు. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 1967లో సైకాలజీ, పారాసైకాలజీ డిపార్ట్‌మెంట్ మొదలైంది, మొదలుపెట్టిన కోనేరు రామకృష్ణారావు గారు అమెరికాలో రైన్ దగ్గర పని చేసి వచ్చినవారు. రైన్ అంటే డ్యూక్ యూనివర్సిటీలో 1930లలో గుండ్రం, ప్లస్, అలలు, చతురస్రం, నక్షత్రం ఉన్న 25 కార్డులతో మనుషుల మనసు చదివే శక్తిని లెక్కపెట్టబోయిన మనిషి. గుడ్డిగా చెప్పినా 25లో 5 కుదురుతాయి, కొందరు అంతకన్నా బాగా ఎక్కువ చెప్పారు. తీరా చూస్తే మొదట్లో వాడిన కార్డుల్లో కొన్నింటికి వెనక నుంచి కూడా గుర్తు లీలగా కనిపించేదని బయటపడింది. పరీక్ష బిగించేకొద్దీ శక్తి కరిగిపోయింది. మా తాతకు తువ్వాలు కట్టినట్టే. ఇది ఇన్నాళ్ళలో మళ్ళీ మళ్ళీ చూసిన కథ. 2011లో బెమ్ అనే పేరున్న ప్రొఫెసర్ తొమ్మిది ప్రయోగాలు, వెయ్యి మందికి పైగా విద్యార్థులతో, జరగబోయేది మనిషికి ముందే అందుతుందని పెద్ద జర్నల్లోనే అచ్చేయించాడు. ఎవరూ తొక్కేయలేదు చూడు. మరుసటి ఏడు బ్రిటన్‌లో ముగ్గురు అదే ప్రయోగం మళ్ళీ చేస్తే ఏమీ రాలేదు. మంచి జరిగింది మాత్రం ఒకటుంది, ఆ దెబ్బతో మిగతా సైకాలజీ వాళ్ళు కూడా తమ పాత ప్రయోగాలు తిరగేసి చూసుకోవడం మొదలుపెట్టారు, ముందే ఏం లెక్కపెడతామో రాసిపెట్టి ఆ తర్వాతే ప్రయోగం చేయాలన్న అలవాటు బలపడింది.

వెగ్నర్ పేరు తీశావు కాబట్టి, అది నా సబ్జెక్టు, వదలను. 1912లో ఖండాలు కదులుతున్నాయని చెప్తే నవ్విన మాట నిజం. కానీ నవ్వారు కాబట్టి ఆయన గెలవలేదు. ఖండాలు ఎలా కదులుతాయో ఆయన దగ్గర సరైన లెక్క లేదు, ఆ లోటు పట్టుకునే నవ్వారు. 1960లలో సముద్రం అడుగు రాళ్ళ అయస్కాంత చారలు కొలిచాక, ఒకప్పుడు నవ్వినవాళ్ళు కూడా మారారు. కొలతలు కట్టుదిట్టమయ్యేకొద్దీ వెగ్నర్ మాట గట్టిపడింది. పంగ విషయంలో పదహారో శతాబ్దం నుంచీ, అగ్రికోలా 1556 గనుల పుస్తకంలో బొమ్మ వేసిన నాటి నుంచీ చూస్తున్నాం, కొలత బిగిసేకొద్దీ దాని బలం పలచబడుతోంది.

పోనీలే, నమ్మితే నష్టమేముంది అంటావేమో. ఒక బ్రిటన్ వ్యాపారి ఇదే పంగను ప్లాస్టిక్ పిడికి కీలుతో యాంటెనా బిగించి, బాంబులు పట్టే మెషీన్ అని ఇరాక్‌కు అమ్మాడు. లోపల బాంబును పట్టే భాగం ఒక్కటీ లేదు. బాగ్దాద్ చెక్‌పోస్టుల్లో సిపాయిలు దాన్ని పట్టుకుని నిలబడ్డారు, వాళ్ళ చేతుల్లో కూడా నిజంగానే తిరిగింది. వాడికి 2013లో పదేళ్ళ జైలు పడింది.

మెషీన్ అంటే గుర్తొచ్చింది, మా మెషీన్ గురించి కూడా నిజం చెప్పాలి. రెసిస్టివిటీ సర్వే అంటే రెండు ఇనప మేకుల ద్వారా నేలలోకి కరెంటు పంపి, మధ్యలో ఇంకో రెండు మేకుల దగ్గర వోల్టేజీ చూస్తాం. తడి ఉన్న కుళ్ళిన రాయి కరెంటును సులువుగా పోనిస్తుంది, గట్టి బండ పోనివ్వదు, మేకులు దూరం జరిపేకొద్దీ లోతు సంగతి తెలుస్తుంది. మొరం ఎంత మందముందో, బండ ఎక్కడ మొదలైందో ఇది బాగా చెప్తుంది. 500 అడుగుల కింద చెయ్యంత సందు ఉందో లేదో చెప్పలేదు, బంకమట్టిని చూసి తడి అనుకునే ప్రమాదమూ ఉంది. నేను పెట్టిన పాయింట్లలో కూడా దుమ్ము లేచింది. ఒకసారి ఒక రైతు ఏమీ అనకుండా నాకు మజ్జిగ ఇచ్చి పంపించాడు, తిట్టినా బాగుండేది. తేడా ఒక్కటే, నా ఫెయిల్ బోర్లు నా నోటుబుక్కులో ఉన్నాయి, వాటిని చూసి నేను మరుసటి పాయింట్ మార్చుకున్నాను.

ఇక నీ చేను. మీ నాయినతో గొడవ పడకు. ఆ పెద్దమనిషిని పిలిపించు, మర్యాద చేయి, కానీ కాయ తర్వాత, ముందు చుట్టూ తిరుగుతూ మాట్లాడు. ఏ బావి ఏ నెలలో ఎండేది, ఏ గట్టు కింద ఊట ఉండేది, నల్లగుండ్లు వరుసగా ఎటు పోతున్నాయి, ఇవి అడుగు. ఆ నల్లగుండ్ల వరుస, డోలరైట్ డైక్ అంటాం, మన దగ్గర నేల కింద గోడలాగా నిలబడి చాలా చోట్ల నీళ్ళకు అడ్డం పడుతుంది. సాధారణంగా దానికి ఎగువ వైపు బోరుకు అవకాశం ఎక్కువ, దిగువన తక్కువ. అది కాయ చెప్పదు, ఆయన చెప్తాడు. ఆ తర్వాత చుట్టుపక్కల బోర్ల లెక్క తీయి, పోస్తున్నవే కాదు, మూసినవి కూడా, కేసింగ్ (బోరు పైభాగంలో మట్టి కూలకుండా దించే పైపు) ఎన్ని అడుగులు దిగిందో, ఎన్ని అడుగుల దగ్గర తడి తగిలిందో. అప్పుడు జియాలజిస్టుతో సర్వే చేయించు. బోరుకు ముందు వాల్టా (నీళ్ళు, నేల, చెట్ల చట్టం) అనుమతి తీసుకో, 2002 నుంచి ఆ చట్టం ఉంది, మనవాళ్ళు పట్టించుకోరు గానీ.

బండి వచ్చే ముందు రోజు రాత్రే ఎన్ని అడుగుల దగ్గర ఆపాలో కాగితం మీద రాసి మీ అమ్మ చేతిలో పెట్టు. 300 దాటాక బండి మీదున్న అబ్బాయి 'అన్నా, ఇంకో యాభై వేద్దాం, రాయి రంగు మారింది' అంటాడు, ప్రతి యాభైకీ అంటాడు, ఆయన రేటు అడుగుకు లెక్క. రెండో బోరు 650 దాకా పోవడానికి కారణం అదేనని నా అనుమానం. నీళ్ళు పడితే మాత్రం ఫ్లోరైడ్ పరీక్ష చేయించందే ఇంట్లోకి తేకండి, మీ వైపు ఆ విషం గ్రానైటులోనే ఉంది, తాగే నీళ్ళలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. తాగడానికి సర్కారు మిషన్ భగీరథ నల్లా నీళ్ళే వాడుకోండి.

ఫెయిలైన రెండు బోర్లకూ కేసింగ్ ఎంత దిగిందో, మొరం ఎక్కడ ఆగిందో, వాటి మధ్య దూరం ఎంతో, చేను పై నుంచి కనిపించే మ్యాప్ ఫోటో మీద గుర్తు పెట్టి ఇక్కడ వెయ్యి. నల్లగుండ్లు ఉంటే వాటి ఫోటో కూడా. ఆదివారం కూర్చుని చూసి చెప్తా. అప్పటిదాకా బండికి అడ్వాన్స్ ఇవ్వకు.